వాటర్‌షెడ్‌తో చుక్కలు విడదీయాలంటే ముందు మరవ మట్టం చూడు

తమ్ముడూ, ముందు నీ సమస్య నాకు అర్థమైనంత వరకు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దు. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపులో తీసిన 12 బిట్ల ఇమేజ్‌లు (ఒక్కో పిక్సెల్ విలువ 0 నుంచి 4095 దాకా). నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద మెరిసే చుక్కలు, ఒక్కోటి 8 నుంచి 15 పిక్సెళ్ల వెడల్పు. కొన్ని బాగా వెలుగుతున్నాయి, కొన్ని మసక, చాలావరకు ఒకదాన్నొకటి రాసుకుని ఉన్నాయి. ప్రతి చుక్కకూ విడిగా ఒక ప్రాంతం కావాలి. కంటితో లెక్కపెడితే 70 దాకా ఉన్నాయి, వాటర్‌షెడ్ (ఇమేజ్‌ని ప్రాంతాలుగా విడదీసే పద్ధతి) పెడితే 214 ముక్కలొచ్చాయి. పీక్‌ల (చుట్టుపక్కలకన్నా విలువ ఎక్కువున్న చోట్ల) మధ్య కనీస దూరం 12కి పెంచితే 38కి పడిపోయింది, మసక చుక్కలైతే ఒక్కటీ మిగల్లేదు. సోమవారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది అన్నావు.

నువ్వు రాసిన వరుస చూశాను. ఓట్సు థ్రెషోల్డ్ (ఇమేజ్ మొత్తాన్ని ఒకే గీతతో నలుపు తెలుపు చేసేది), ఆ తర్వాత డిస్టెన్స్ ట్రాన్స్‌ఫామ్ (ప్రతి పిక్సెల్ అంచుకు ఎంత దూరమో కొలిచేది), దాని మీద పీక్‌లు, చివర వాటర్‌షెడ్. ఇది దాదాపు ఓపెన్ సీవీ అనే ఇమేజ్ లైబ్రరీ పాఠంలో నాణేలు విడదీసే వంటకం. నాణేనికి వంటకం బాగుంది, నీ చుక్కకు కాదు. నాణెం మీద వెలుగుకు పెద్దగా అర్థం లేదు, దాని అంచు గుండ్రంగా ఉందన్నదే మనకు తెలిసిన సంగతి, అందుకే ముందు నలుపు తెలుపు చేసి, అంచు నుంచి దూరం కొలిచి, ఆ దూరంతో గుట్టలు కట్టాల్సి వస్తుంది. నీ చుక్క పుట్టుకతోనే గుట్ట. మధ్యలో ఎత్తు, చుట్టూ వాలు. ఉన్న గుట్టను థ్రెషోల్డ్‌తో చదును చేసి, మళ్లీ అంచుల మీద ఆధారపడి ఇంకో గుట్ట కడుతున్నావు. నాయిస్ (విలువల్లో అర్థం లేని చిన్న హెచ్చుతగ్గులు) వల్ల అంచు గరుకుగా ఉంటే ఆ గరుకులోంచి లేనిపోని పీక్‌లు లేస్తాయి. నీ 214లో సగం అలా పుట్టినవే అయ్యుంటాయి.

మిగతా సగం గురించి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన వైపు వాటర్‌షెడ్ అంటే చెక్‌డ్యాంలు, ఊట కుంటలు, కందకాలు. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో మా పెదనాన్న "వాటర్‌షెడ్ చేస్తున్నావంట గదా, మన ఊరికి ఎన్ని చెక్‌డ్యాంలు శాంక్షన్ అయినాయి?" అని అడిగాడు. నవ్వాను గానీ ఆయన అడిగినదానికీ దీనికీ ఉన్న చుట్టరికం చాలా దగ్గరిది. 1979లో ఫ్రాన్స్‌లో సెర్జ్ బూషే, క్రిస్టియన్ లాంట్యుజోల్ ఈ పద్ధతిని ఇమేజ్‌ల మీదకు తెచ్చినప్పుడు వాళ్ల ఊహ కూడా ఇదే. ఇమేజ్‌ని ఒక నేలగా అనుకో, పిక్సెల్ విలువ ఆ చోటు ఎత్తు. ఏ చినుకు ఎటు జారి ఏ గుంటలో పడుతుందో చూసుకుంటూ పోతే, ప్రతి గుంటకూ దాని పరీవాహక ప్రాంతం తేలిపోతుంది. 1991లో విన్సెంట్, సోయ్ అనే ఇద్దరు, గుంటల అడుగు నుంచి నీళ్లు ఊరించి, రెండు నీళ్లు కలిసేచోట గట్టు కట్టే పనికి వేగమైన పద్ధతి రాశారు. ఇప్పుడు నువ్వు వాడే లైబ్రరీలన్నీ ఏదో ఒక రూపంలో ఆ వంశమే.

నీకు కావాల్సింది పీక్‌లు కాబట్టి ఇమేజ్‌ని బోర్లా పెడతావు. గుట్టలు చెరువులవుతాయి. ఇక్కడ మన చిత్తూరు జిల్లా చెరువుల సంగతి గుర్తు తెచ్చుకో. పై చెరువు నిండితే మరవ (ఎక్కువైన నీళ్లు బయటికి పోయే అలుగు) పారుతుంది, ఆ నీళ్లు కింది చెరువులో కలుస్తాయి, అది నిండితే దాని మరవ, అలా గొలుసు. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట లీకై కింది ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు, చెరువులో నీళ్లెంత, మరవకు ఇంకా ఎంత ఉంది అనే లెక్క తిరుపతిలో అందరి నోటా వినపడింది. నీ ఇమేజ్‌లో ప్రతి పీక్‌కీ అదే లెక్క వెయ్యాలి. చెరువు అడుగు నుంచి మరవ మట్టం దాకా లోతు ఎంత? జానెడు లోతులో మరవ పారిపోయి పక్కదాంట్లో కలిసేదాన్ని చెరువు అనం, గుంట అంటాం. అది నాయిస్. బారెడు లోతుంటే అది విడి చెరువు, అంటే విడి చుక్క.

బోర్లా పెట్టకుండా గుట్టల్లోనే ఆలోచించడం ఇష్టమైతే, మరవ బదులు కనుమ. భాకరాపేట కనుమ ఎక్కి దిగినవాడికి కనుమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. రెండు గుట్టల మధ్య దాటడానికి వీలుగా ఉన్న తక్కువ ఎత్తు చోటు. ఒక గుట్ట తనకన్నా పెద్ద గుట్టను చేరాలంటే ఎంత కిందికి దిగాలో, ఆ దిగుడే దాని అసలు ఎత్తు. ప్రామినెన్స్ అంటారు. సముద్రమట్టం నుంచి ఎంత అనేది కాదు.

లెక్కలో చూపిస్తాను. ఇమేజ్‌లో ఒక గీత మీద విలువలు ఇవి అనుకో: 12, 15, 40, 90, 84, 88, 60, 30, 70, 110, 95, 20. పీక్‌లు మూడు, 90, 88, 110. కానీ 88 నుంచి 90కి వెళ్లాలంటే 84 దాకా దిగితే చాలు, దిగుడు 4. 90 నుంచి 110కి వెళ్లాలంటే 30 దాకా దిగాలి, దిగుడు 60. నాయిస్ ప్లస్ మైనస్ 5 ఉన్న ఇమేజ్‌లో 88 అనేది పీకే కాదు, 90 గుట్ట మీద ఒక రాయి. ఇప్పుడు ఆ 84 ఉన్నచోట 35 ఉందనుకో. 88 దిగుడు 53 అయిపోయింది, ఎవరు చూసినా అది విడి చుక్కే అంటారు. కానీ నువ్వు పెట్టిన "కనీస దూరం" అనే మీటకు ఈ రెండు సందర్భాల మధ్య తేడా తెలీదు. దూరం 3 పెడితే రెండు చోట్లా 88ని తీసిపారేస్తుంది, ఎందుకంటే అది 90కి రెండు పిక్సెళ్ల దూరంలో ఉంది, అంతే. దూరం తగ్గిస్తే రాళ్లన్నీ గుట్టలైపోతాయి, పెంచితే పక్కపక్కనున్న అసలు గుట్టలు పోతాయి. నీ 214, 38 కథ ఇదే. మధ్యలో ఏదో మంచి విలువ ఉంటుందని సోమవారం దాకా తిప్పుతూ కూర్చుంటే ఒక ఇమేజ్‌కి కుదురుతుంది, రెండోదానికి కుదరదు.

కాబట్టి కనీస దూరంతో పీక్‌లు వెతికే పీక్ లోకల్ మ్యాక్స్ పక్కన పెట్టి హెచ్ మ్యాక్సిమా వాడు, సైకిట్ ఇమేజ్ అనే పైథాన్ లైబ్రరీలో మార్ఫాలజీ కింద ఉంటుంది. దిగుడు కనీసం హెచ్ అంత ఉన్న పీక్‌లనే ఇస్తుంది. వాటికి లేబుల్స్ (ఒక్కోదానికి ఒక్కో అంకె) వేసి, నీళ్లు ఊరడం మొదలయ్యే చోట్లుగా, అంటే మార్కర్లుగా, వాటర్‌షెడ్‌కి ఇవ్వు. మ్యాట్‌ల్యాబ్ వాళ్లకు ఇదే పని ఇమ్‌ఎక్స్‌టెండెడ్‌మ్యాక్స్ చేస్తుంది. అసలు కోడ్ రాయకముందే తేల్చుకోవాలంటే ఇమేజ్ జే అనే ప్రోగ్రాం తెరిచి ఫైండ్ మ్యాక్సిమా నొక్కు, అందులో ప్రామినెన్స్ అనే గడి ఉంటుంది, పాత వెర్షన్లలో దాన్నే నాయిస్ టాలరెన్స్ అనేవాళ్లు. ఆ గడిలో అంకె మారుస్తూ ప్రివ్యూ చూస్తే పది నిమిషాల్లో నీ ఇమేజ్‌కి హెచ్ ఎంత చుట్టుపక్కల ఉండాలో కంటికి తెలిసిపోతుంది.

డిస్టెన్స్ ట్రాన్స్‌ఫామ్ ఎప్పుడూ వద్దని నేనట్లేదు, అక్కడ కూడా కథ ఇదే అని చెప్పడానికి ఒక అనుభవం. కొన్నేళ్ల కింద ట్రేలో పోసిన చెనక్కాయలు ఫొటో తీసి లెక్కపెట్టే పని వచ్చింది. చెనక్కాయకు నడుము ఉంటుంది కదా, రెండు గింజల మధ్య సన్నంగా. డిస్టెన్స్ ట్రాన్స్‌ఫామ్ చేస్తే ప్రతి కాయకూ రెండు పీక్‌లు, మూడు గింజల కాయకు మూడు. మొదటి రోజు లెక్క ఇచ్చిన సంఖ్య చూసి ఆ యజమాని మొహంలో సంతోషం చూడాలి, సరుకు ఒక్క దెబ్బతో రెండింతలైంది మరి! తర్వాత కూర్చుని కొలిస్తే, కాయ పొట్ట దగ్గర అంచుకు దూరం 20 పిక్సెళ్లు, నడుము దగ్గర 15. దిగుడు 5. అదే రెండు విడి కాయలు ఆనుకున్నచోట మెడ చాలా సన్నం, అక్కడ దూరం 5 కూడా ఉండదు, దిగుడు 15 పైనే. హెచ్ 8 పెట్టగానే నడుములు అతుక్కున్నాయి, కాయలు విడిపోయాయి. కనీస దూరంతో అయితే ఈ పని జన్మలో అయ్యేది కాదు, ఎందుకంటే ఒకే కాయలో రెండు పొట్టల మధ్య దూరం, అడ్డంగా ఆనుకున్న రెండు కాయల మధ్య దూరం దాదాపు ఒకటే.

సరే, నీ ఇమేజ్‌కి హెచ్ ఎంత పెట్టాలి. ఇక్కడే చాలామంది ఊహించి ఏదో అంకె పడేస్తారు. ఊహించకు, కొలువు. ముందు చిన్న గాసియన్ బ్లర్ (పక్క పిక్సెళ్లతో కలిపి నునుపు చేయడం) వెయ్యి, నీ చుక్కలు 8 పిక్సెళ్ల నుంచి ఉన్నాయి కాబట్టి సిగ్మా, అంటే ఆ నునుపు వెడల్పు, ఒకటి, ఒకటిన్నర చాలు, 3 పెడితే చిన్న చుక్కల మధ్య కనుమలు పూడిపోతాయి. బ్లర్ వేసిన తర్వాత, చుక్కల్లేని ఖాళీ చోట ఒక చదరం తీసుకుని స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు నుంచి ఎంత ఊగుతున్నాయో చెప్పే అంకె) చూడు. అది 6 వచ్చిందనుకో, దానికి నాలుగింతలు, 24తో మొదలుపెట్టు. బ్లర్‌కి ముందు కొలిచిన నాయిస్ వాడితే హెచ్ మరీ ఎక్కువై మసక చుక్కలు ఎగిరిపోతాయి, ఈ తప్పు నేనే చేశాను.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, ఫ్లోరసెన్స్ వాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవాల్సింది. వెలుగు ఫోటాన్లుగా వస్తుంది, ఫోటాన్ల నాయిస్ వాటి సంఖ్యకు వర్గమూలం. 100 ఫోటాన్లు వస్తే నాయిస్ 10, 2500 వస్తే 50. అంటే వెలుగున్న చుక్క నెత్తి మీద నాయిస్ గుట్టలు కూడా పెద్దవే. ఖాళీ చోట కొలిచిన నాయిస్‌తో హెచ్ పెడితే మసక చుక్కలు చక్కగా వస్తాయి, వెలుగున్నవి నాలుగేసి ముక్కలవుతాయి. హెచ్ పెంచితే వెలుగున్నవి బాగుపడతాయి, మసకవి పోతాయి. ఒకే హెచ్ రెండింటికీ సరిపోదు. దీనికి మందు చాలా చవక: కెమెరా ఆఫ్‌సెట్ (వెలుగు లేకపోయినా కెమెరా కలిపే విలువ) తీసేసి, ఇమేజ్ మొత్తానికి వర్గమూలం తియ్యి, ఆ తర్వాతే బ్లర్, ఆ తర్వాతే హెచ్. వర్గమూలం తీసిన ఇమేజ్‌లో నాయిస్ చుక్క వెలుగుతో సంబంధం లేకుండా దాదాపు ఒకేలా ఉంటుంది, బాగా చీకటి చోట కెమెరా సొంత నాయిస్ కొంచెం తేడా చేస్తుంది గానీ మన పనికి పర్లేదు. 1948లోనే ఆన్స్‌కోంబ్ అనే స్టాటిస్టీషియన్ దీనికి ఇంకొంచెం సవరించిన సూత్రం ఇచ్చాడు, నీ పనికి మామూలు వర్గమూలం చాలు.

మొదలు దొరికాక, హెచ్‌ని కొంచెం కిందికీ పైకీ జరుపుతూ ఎన్ని ప్రాంతాలొస్తున్నాయో గ్రాఫ్ గియ్యి. మొదట జారుడు బండలా పడిపోతుంది, ఒకచోట కొంతదూరం చదునుగా నడుస్తుంది, తర్వాత మళ్లీ మెల్లగా దిగుతుంది. ఆ చదును మధ్యలో ఉన్న విలువ తీసుకో. చదును లేనే లేదంటే నీ చుక్కల వెలుగుకీ నాయిస్‌కీ తేడా సరిపోవట్లేదని అర్థం, అప్పుడు మళ్లీ మైక్రోస్కోపు దగ్గరికే వెళ్లాలి.

ఇక మసక చుక్కలు మాయమయ్యే సంగతి. ఇది పీక్‌ల తప్పు కాదు, ఓట్సుది. ఇమేజ్ మొత్తానికి ఒకటే గీత గీస్తే, వెలుగున్న చుక్కలు ఆ గీతను పైకి లాగేస్తాయి. నేను చేసేది ఇది: మొదట మాస్క్ (ఎక్కడెక్కడ చూడాలో చెప్పే నలుపు తెలుపు ఇమేజ్) లేకుండానే వాటర్‌షెడ్ నడుపుతాను. అప్పుడు ఇమేజ్ మొత్తం మండలాల మ్యాపులా ప్రాంతాలుగా పంచుకోబడుతుంది, ఖాళీ చోటు కూడా ఎవరో ఒకరి కిందికి వస్తుంది, ఫర్వాలేదు. తర్వాత ప్రతి మండలంలో విడిగా థ్రెషోల్డ్ పెడతాను, అక్కడి పీక్‌కీ అక్కడి బ్యాక్‌గ్రౌండ్‌కీ సరిగ్గా సగం దగ్గర. పీక్ 900, బ్యాక్‌గ్రౌండ్ 100 అయితే గీత 500 దగ్గర. పక్క మండలంలో పీక్ 220 అయితే గీత 160 దగ్గర. ఓట్సు ఎక్కడో 400 దగ్గర గీసి ఉంటే ఈ 220 వాడు ఎప్పుడో చచ్చిపోయేవాడు. గీత పైన మిగిలినదాంట్లో పీక్‌ని అంటుకుని ఉన్న ముక్కనే ఉంచుకో, మిగతావి పడెయ్. ఇలా చేస్తే చుక్క సైజు కూడా వెలుగును బట్టి మారదు, రేపు నువ్వు వైశాల్యాలు పోల్చాల్సి వస్తే ఇది చాలా ముఖ్యం. ఈ కొలతలు అసలు ఇమేజ్ మీద చెయ్యి, వర్గమూలం తీసినదాని మీద కాదు. బ్యాక్‌గ్రౌండ్ ఒకవైపు ఎక్కువగా ఒకవైపు తక్కువగా ఉంటే, అన్నిటికన్నా ముందు టాప్ హ్యాట్ అనే ఫిల్టర్‌తో తీసెయ్, దాని సైజు నీ పెద్ద చుక్క కన్నా పెద్దదిగా ఉండాలి, లేకపోతే చుక్కనే బ్యాక్‌గ్రౌండ్ అనుకుని మింగేస్తుంది.

కోడ్‌లో నువ్వు కాలు పెట్టబోయే గుంతలు కొన్ని ఉన్నాయి. బోర్లా పెట్టడానికి ఇమేజ్ ముందు మైనస్ పెట్టావు, ఇమేజ్ ఏమో 16 బిట్ల పూర్ణాంకాలు, గుర్తు లేనివి. నంపైలో (పైథాన్ అంకెల లైబ్రరీ) అప్పుడు 1 కాస్తా 65535 అవుతుంది, 100 కాస్తా 65436 అవుతుంది, వరుస బాగానే తిరగబడింది అనిపిస్తుంది, కానీ 0 మాత్రం 0గానే ఉండిపోతుంది. అంటే ఎత్తుగా ఉండాల్సిన బ్యాక్‌గ్రౌండ్ అన్నిటికన్నా లోతైన అగాధమైపోతుంది. ముందుగా అక్కడికి చేరిన ఒక చుక్క లేబుల్ ఇమేజంతా పాకేస్తుంది. నాకు దీంతో రెండు రోజులు పోయాయి, ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ముందు ఫ్లోట్‌కి (దశాంశాలూ మైనస్సులూ పట్టే అంకెలకు) మార్చి, ఆ తర్వాత మైనస్ పెట్టు. ఫ్లోట్‌కి మార్చేటప్పుడు విలువలు 0 నుంచి 1కి కుదించావా, హెచ్ కూడా అదే కొలతలో ఇవ్వాలి, లేకపోతే 24 అన్నందుకు ఒక్క మార్కర్ కూడా రాక తెల్లమొహం వేస్తావు.

ఓపెన్ సీవీ వాటర్‌షెడ్‌ని ఈ పనికి వదిలెయ్. అది 8 బిట్ల, మూడు రంగుల ఇమేజే తీసుకుంటుంది, నీ 4096 మెట్లు 256కి నలిగిపోతాయి, 16 మెట్లు ఒకటైపోతే మసక చుక్కల కనుమలు ఎక్కడ మిగులుతాయి? అంతకన్నా ముఖ్యం, అది ఎత్తును చూడదు, పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడాను చూసి నీళ్లు నింపుతుంది. నాణేల అంచుకు అది సరైనదే. నీ గుట్టలకు కాదు. పైగా గట్ల మీదా ఇమేజ్ అంచుల మీదా మైనస్ ఒకటి రాసేస్తుంది, వైశాల్యం లెక్కలో అవి పోతాయి. సైకిట్ ఇమేజ్‌లోది నువ్వు అడిగితే తప్ప గట్టు గీయదు, అలాగే ఉంచు.

ఇంకొకటి చిన్నది. సైపై అనే ఇంకో పైథాన్ లైబ్రరీలోని లేబుల్ ఫంక్షన్ మామూలుగా మూలల్ని కలపదు, అడ్డం నిలువు పొరుగునే చూస్తుంది. పీక్ నెత్తిన రెండు పిక్సెళ్లు ఒకే విలువతో మూలగా ఉంటే రెండు మార్కర్లు, రెండు ముక్కలు. సైకిట్ లేబుల్ మూలల్నీ కలుపుతుంది, అది వాడు.

నీ రెండో ఇమేజ్‌లో మధ్యలో పెద్ద తెల్లటి మచ్చ ఉందన్నావు, విలువ చూస్తే అంతా 4095. అది కెమెరా నిండిపోవడం. అక్కడ గుట్ట నెత్తి కోసేసి బల్ల చేశారు, ఎన్ని చుక్కలున్నా కనుమలు లేవు, వెతికి లాభం లేదు. ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ తియ్యి. మళ్లీ తీయడం కుదరకపోతే ఆ మచ్చ ఒక్కదానికే ఆకారాన్ని బట్టి డిస్టెన్స్ ట్రాన్స్‌ఫామ్ వాడుకోవచ్చు, కానీ ఆ చుక్కల వెలుగు కొలతలు టేబుల్లో పెట్టకు.

సోమవారం లోపు ఇంకేమీ చేయకపోయినా ఇది మాత్రం చెయ్యి. మూడు ఇమేజ్‌లు తీసుకుని, వాటర్‌షెడ్ ఫలితం చూడకుండా, చేత్తో చుక్కల మీద గుర్తులు పెట్టు. హెచ్‌ని ఒకదాని మీద సరిచేసుకుని మిగతా రెండిటి మీద పరీక్షించు. ఎన్ని దొరికాయి అన్నదొక్కటే చూడకు, ఎన్ని విడగొట్టింది, ఎన్ని కలిపేసింది అని రెండు విడివిడి లెక్కలు రాయి. 70కి 70 వచ్చిందని మురిసిపోతే, అందులో పది ముక్కలూ పది అతుకులూ ఒకదానికొకటి చెల్లిపోయి ఉండొచ్చు. గైడ్ అడిగే మొదటి ప్రశ్న కూడా అదే అయ్యుంటుంది.

చివరగా నువ్వు బాణం గుర్తు పెట్టి పంపిన ఆ జంట, కోడిగుడ్డులా సాగిన చుక్క. దాని పొడవునా విలువలు ఒకసారి రాసి చూడు. మధ్యలో ఎక్కడా తగ్గకపోతే అక్కడ కనుమ లేదు, ఒకటే పీక్, ఏ వాటర్‌షెడ్డూ దాన్ని చీల్చదు, చీలిస్తే అది నాయిస్ మీద చీల్చినట్టే. నీ లెన్స్ న్యూమరికల్ అపర్చర్ (వెలుగును ఎంత వెడల్పు కోణంలో అందుకుంటుందో చెప్పే అంకె) 1.4, వెలుగు 520 నానోమీటర్లు అన్నావు, మైక్రోస్కోపు ఎంత దగ్గరి చుక్కల్ని విడిగా చూపగలదో చెప్పే ఆబె సూత్రం ప్రకారం 520ని 2.8తో భాగిస్తే దాదాపు 186 నానోమీటర్లు. రెండు చుక్కలు అంతకన్నా దగ్గరగా ఉంటే మైక్రోస్కోపే వాటిని ఒకటి చేసి పంపింది. అలాంటివాటికి రెండు గాసియన్లు (గంట ఆకారపు గుట్టలు) ఫిట్ చేసి చూడొచ్చు. లేదా "సాగినవి" అని విడిగా ఒక కాలమ్ పెట్టి అందులో వెయ్యి, నేనైతే సోమవారానికి అదే చేస్తాను.